కొంప తగలెట్టిన నీళ్ల జగ్గు

ఆ రోజుల్లో నాకు పూర్తిగా పట్టుబడిన విద్య ఒక్కటే, భయపడటం. లా డిగ్రీ పూర్తయి, బ్రిస్బేన్‌లో క్రిమినల్ కేసులు చూసే ఓ చిన్న ఆఫీసులో చేరి ఏడాది కూడా కాలేదు. పదేళ్లప్పుడు గుంటూరు నుంచి వచ్చినదాన్ని కాబట్టి ఇంగ్లీషు ఇక్కడివాళ్లలాగే మాట్లాడేదాన్ని, భయం మాత్రం తెలుగులోనే వేసేది. జడ్జి తల వంచుకుని ఏదైనా రాసుకుంటే నా గురించే రాస్తున్నారనుకునేదాన్ని (ఒకసారి నిజంగా నా గురించే రాశారు, కోర్టులో నా ఫోన్ మోగింది). అలాంటి నా నెత్తిన దోసె అంకుల్ కేసు వచ్చి పడింది.

దోసె అంకుల్ అంటే బ్రిస్బేన్ దగ్గరి స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో మనవాళ్ల పుట్టినరోజులకీ గృహప్రవేశాలకీ దోసెలు పోసిపెట్టే పెద్దమనిషి. అద్దె ఇంటి గరాజ్‌లో గ్రైండర్ పెట్టుకుని పిండి రుబ్బేవారు. ఒక మధ్యాహ్నం ఆ గరాజ్ అంటుకుంది. ఇల్లు ఖాళీ చెయ్యమని ఓనరు నోటీసిచ్చిన వారానికే అంటుకోవడంతో, కక్షకొద్దీ కావాలనే తగలబెట్టారని పోలీసులు కేసు పెట్టారు. దానికి తోడు ఎదురింటి గుమ్మం కెమెరాలో అంకుల్ గొంతు రికార్డయింది. వీధిలో నిలబడి ఆంటీకి ఫోన్‌లో చెబుతున్నారు: "కొంప తగలెట్టేశానే!"

కూరలో ఉప్పు ఎక్కువైనా, ఎయిర్‌పోర్టుకొచ్చాక పాస్‌పోర్టు ఇంట్లో ఉందని గుర్తొచ్చినా మనం అనే మాటే అది. గ్రైండర్ స్విచ్ ఆపకుండా బయటికెళ్లి ఎంత పని చేశాను అని అంకుల్ ఏడుపు. కానీ ప్రాసిక్యూషన్ వాళ్ల అనువాదంలో 'నేను ఇంటికి నిప్పు పెట్టాను' అని ఉంది. పైగా ఆ క్షణాన ఎదురుగా ఇల్లు నిజంగానే మండుతోంది! నేరం రుజువైతే జైలు, ఆ తర్వాత వీసా రద్దు, పన్నెండో క్లాసు చదువుతున్న పిల్లతో సహా ఇంటిల్లిపాదీ తిరుగు ప్రయాణం.

"ఇంకో మాటేదైనా అనుండచ్చు కదా అంకుల్?" అన్నాను ఉండబట్టలేక.

"టెన్షన్‌లో మాటలు సెలెక్ట్ చేసుకుని అరుస్తామా అమ్మా?" అన్నారాయన.

మా తరఫున కోర్టులో వాదించే బారిస్టర్‌కి నేను పెట్టుకున్న పేరు నిదానం గారు. ఆరడుగుల మనిషి, ఎర్రటి మొహం, కొంపలు మునుగుతున్నా (చూశారా, మళ్లీ కొంపే) గొంతు పెంచరు. జ్యూరీని, అంటే దోషి అవునో కాదో తేల్చే పన్నెండు మంది మామూలు జనాన్ని, ఒప్పించడం గురించి ఆయన నాకు మొదటి రోజే చెప్పారు. "ఆ పన్నెండు మందికీ పాఠం చెప్పకు. మనం చెప్పింది నమ్మరు, వాళ్లంతట వాళ్లు కనిపెట్టింది మాత్రం ఎవరు కాదన్నా వదలరు. వస్తువు వాళ్ల ముందు పెట్టి నోరు మూసుకో." అంచేత నా పని ఏమిటంటే, అంకుల్ ఫోన్‌లోని వాయిస్ మెసేజ్‌లన్నీ విని, ఏమీ అంటుకోకుండానే ఆయన ఆ మాట అన్న చోట్లు ఏరడం. మూడు వారాలు విన్నాను. క్యాచ్ వదిలేసినవాడు కొంప తగలెట్టాడు. చట్నీలో ఉప్పనుకుని చక్కెర వేసిన ఆంటీ కొంప తగలెట్టింది. అన్నీ రాసి, నీలం ఫైల్లో పెట్టి, ఆ ఫైలుని చంటిపిల్లలా మోసుకు తిరిగాను.

విచారణ మూడో రోజు ప్రాసిక్యూషన్ తరఫు అనువాదకురాలు బోనెక్కింది. తెలుగావిడే, కచ్చితమైన మనిషి. నిదానం గారు ఎన్ని రకాలుగా అడిగినా ఆ మాటకి ఆ అర్థమే అని ఒక్క అంగుళం కదల్లేదు. జ్యూరీ ముందు వరసలో ఒకాయన చేతులు కట్టుకుని మావైపు చూస్తున్నాడు. అంకుల్ మొహంలో నెత్తుటి చుక్క లేదు. నిదానం గారు వెనక్కి తిరగకుండానే ఫైలు కోసం చెయ్యి చాపారు. నేను గబుక్కున లేచాను. నా మోచెయ్యి తగిలి నీళ్ల జగ్గు ఆయన చేత్తో రాసుకున్న ముగింపు ప్రసంగం మీద బోర్లా పడింది.

"ఓరి నాయనో, కొంప తగలెట్టేశాను!"

ఆ గొంతు నాదేనని తెలియడానికి నాకు కాసేపు పట్టింది. జడ్జి కళ్లద్దాల పైనుంచి చూసి, "ఏమన్నదామె?" అన్నారు. అనువాదకురాలు ప్రమాణం చేసి ఉంది కదా, తడుముకోకుండా చెప్పేసింది. "ఇంటికి నిప్పు పెట్టాను అంది, యువర్ ఆనర్." అని, మా బల్ల అంచు నుంచి కార్పెట్ మీదకి కారుతున్న నీళ్లు చూసి, చేత్తో నోరు మూసుకుంది. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ముందు వరసాయన కట్టుకున్న చేతులు విప్పాడు.

ప్రాసిక్యూటర్ ఎగిరి లేచాడు. ఇదంతా నాటకమనీ, ఈ జ్యూరీని రద్దు చెయ్యాలనీ పట్టుబట్టాడు. జ్యూరీని బయటికి పంపారు. జ్యూరీ రద్దయితే అంకుల్ మళ్లీ మొదటి నుంచీ ఈ నరకం పడాలి, అదీ నా మోచెయ్యి వల్ల! కావాలనే చేశావా అని జడ్జి అడిగితే లేదన్నాను (ఏ భాషలో అన్నానో గుర్తులేదు). ఆయన మా కాగితాలు ఎత్తి చూపించమన్నారు. సిరా అంతా కరిగి నీలం ముద్దయింది. "సొంత ప్రసంగాన్ని నీళ్లలో ముంచుకునే ప్లాన్ ఏ బారిస్టరూ వెయ్యడు" అని, జ్యూరీని పిలిపించి, ఆ అమ్మాయి కేక సాక్ష్యం కాదు, మర్చిపొండి అన్నారు. అప్పుడు నిదానం గారు అనువాదకురాలిని ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. ఏమీ తగలబడనప్పుడు కూడా మీవాళ్లు ఆ మాట అంటారా?

"అంటాం," అందావిడ నెమ్మదిగా. "మా ఇంట్లో రోజూ అంటాం."

అది మాత్రం సాక్ష్యమే. నిదానం గారు థాంక్యూ అని తడి కుర్చీలో అలాగే కూర్చున్నారు. మూడు వారాల నా నీలం ఫైలుని ఎవరూ తెరవనే లేదు.

జ్యూరీ రెండు రోజులు తేల్చలేదు. వరండాలో ఆంటీ పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని మూత తియ్యకుండా కూర్చుంది. "నీ కేక విన్నాక కొంచెం ధైర్యం వచ్చిందమ్మా" అన్నారు అంకుల్. ఎందుకన్నాను. "కోర్టులో అడుగుపెట్టాక మొదటిసారి మనింట్లో ఉన్నట్టు అనిపించింది." నాట్ గిల్టీ అన్న మాట వినగానే ఆయన జ్యూరీ వైపు రెండు చేతులూ జోడించారు, ఆంటీ అందరి ముందూ బావురుమంది, నేనూ ఏడ్చాను.

జ్యూరీ ఎందుకలా తేల్చిందో ఈ దేశంలో ఎవరూ చెప్పరు, అడగనూ కూడదు. అందుకే నా జగ్గు పనిచేసిందో లేదో నాకు ఈనాటికీ తెలియదు. ఇప్పుడు నేనూ బారిస్టర్‌నే. నిదానం గారి మాటే జూనియర్లకి చెబుతాను, నీళ్ల జగ్గు మాత్రం నా పక్కనే పెట్టుకుంటాను. పోయిన నెల జ్యూరీ ముందు నా కాగితాల కట్ట జారి నేలంతా పరుచుకుంది. నా నోటి నుంచి మెల్లగా, మర్యాదగా "ఓ డియర్" అని వచ్చింది. ఎవరూ తలెత్తలేదు, ఎవరూ నవ్వలేదు. వంగి కాగితాలు ఏరుకుంటుంటే నాకే నవ్వొచ్చింది, ఆ వెంటనే కాస్త దిగులేసింది. ఇప్పుడు నాకు భయం కూడా ఇంగ్లీషులోనే వేస్తోంది.