అట్టలు వేసిన ఆరు పుస్తకాలు

"ఆంటీ, పెరూ వెళ్తున్నాం, ముందు ఏం చదవమంటారు?" అని ఇప్పటికీ ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. చెబుతాను. కానీ అడిగిన ప్రతిసారీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఎనభైల నాటి మాట. డెట్రాయిట్ దగ్గర ఉండేవాళ్లం. మా ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. సున్నం చుక్క లేకుండా పెరూలో ఆండీస్ కొండల్లో పేర్చిన రాతిగోడల ఫోటో ఎక్కడో చూసి, వాటిని చేత్తో తాకి రావాలని పట్టుబట్టారు. ప్రయాణం ఏర్పాటు చేసేవాళ్లు చదవాల్సిన పుస్తకాలంటూ ఒక కాగితం పంపారు. ఆరూ లైబ్రరీ నుంచి తెచ్చాను. తవ్వకాల గురించి రెండు, చరిత్ర ఒకటి, కొండలెక్కినవాళ్ల అనుభవాలు ఒకటి, అక్కడి నేతపని మీద సన్నటిది ఒకటి, ఎత్తు మీద ఒంటికి వచ్చే జబ్బుల గురించి అంతే సన్నటిది ఇంకొకటి.

ఇంట్లోకి పుస్తకం వస్తే అట్ట వేయందే నాకు తోచదు. బడి తెరిచే ముందు నాన్నతో కూర్చుని వేసిన నాటి అలవాటు. గ్రోసరీ కాగితం సంచులు కత్తిరించి ఆరింటికీ వేశాను. పైన పేర్లు రాద్దాం రాద్దాం అనుకుంటూనే ఊరుకున్నాను.

జబ్బుల పుస్తకం నేను వంట చేస్తూ చదివాను. ఆయన ముట్టుకోలేదు. "తిరుమల మెట్లు ఉపవాసంతో ఎక్కినవాణ్ణే! నాకు కొండ జబ్బేంటి?" అన్నారు.

పెరూకి ముందు ప్రాక్టీసని కొలరాడో కొండలకు డ్రైవ్ చేశాం. కారు కింద వదిలి, పన్నెండు వేల అడుగుల ఎత్తుకు నడిచి డేరా వేశాం. మర్నాడు పొద్దున ఆయనకు తలనొప్పి, వాంతులు. మధ్యాహ్నానికి కుడి బూటు ఎడమ కాలికి తొడుక్కోబోయి తనలో తనే నవ్వుకున్నారు. ఆ నవ్వు చూసి బ్యాగు ముందుకు లాక్కున్నాను.

"జబ్బుల పుస్తకం ప్యాక్ చేశారా?"

"చేశానే. సన్నటిదేగా."

బ్యాగులోంచి లాగి తెరిస్తే రంగురంగుల దుప్పట్ల బొమ్మలు! అప్పుడు నా నోటి నుంచి వచ్చిన తిట్లు ఇక్కడ రాయను. సగం ఆయన్ని, సగం నన్నే.

చుట్టూ మనిషి జాడ లేదు. ఆ పుస్తకంలో రెండు మాటలున్నాయని గుర్తుంది. ఒక దశలో ఉన్నచోటే విశ్రాంతి తీసుకోవాలి, ఇంకో దశలో వెంటనే దిగాలి. ఏది ఎప్పుడు? ఎంత తన్నుకున్నా గుర్తు రాదే!

"కాస్త పడుకుంటే తగ్గిపోతుందిలే. నా ప్రాణం తీయకు," అని ఆయన డేరాలోకి దూరబోయారు.

అప్పుడు తట్టింది. ఒక పేజీ దగ్గర నా పోపు మాడింది. మాడేదాకా నన్ను కదలనివ్వని వాక్యమది. మనిషిని గీత మీద నడిపించి చూడండి, తూలితే నిద్రపోనివ్వకండి, దించండి.

కర్రతో నేల మీద గీత గీశాను. "ఏమండీ, ఒక కాలి మడమ రెండో కాలి వేళ్లకు తాకిస్తూ దీని మీద నడవండి."

"పిచ్చెక్కిందా నీకు?"

"నడుస్తారా, చావమంటారా నన్ను?"

మూడో అడుగుకే పక్కకు ఒరిగిపోయారు.

డేరా, సామాను అక్కడే వదిలేశాను. ఆయన చెయ్యి నా మెడ చుట్టూ వేసుకుని దిగడం మొదలుపెట్టాను. కూర్చుంటానంటారు, కాలర్ పట్టి లేపుతాను. "రాక్షసివే నువ్వు," అన్నారు. అవును, రాక్షసినే, నడవండి అన్నాను. ఎక్కడ కుప్పకూలుతారో, నా ఒక్కదాని వల్ల ఏమవుతుందోనని ఒకటే భయం. చాలా సేపటికి చెట్లు మొదలయ్యాయి. పొద్దుటి నుంచి వాంతులతో ఉన్న మనిషి అక్కడ ఆగి, "ఆకలేస్తోందే," అన్నారు. దారి మధ్యలో కూలబడి భోరున ఏడ్చాను.

కింద ఊళ్లో డాక్టరు అంతా విని, అక్కడే నిద్రపోయి ఉంటే ఇక లేచేవారు కాదేమో అన్నాడు. ఇల్లు చేరిన రోజే మా ఆయన ఆ సన్నటి జబ్బుల పుస్తకం తీసి, నూనె మరకల పేజీతో సహా మొత్తం చదివారు.

అందుకే అడిగినవాళ్లకు ముందు అదే చెబుతాను. ఇద్దరూ చదవండి, అట్ట వేస్తే పైన పేరు రాసి చావండి అంటాను. మిగతావి ఆ తరువాత.

రెండేళ్ల తరువాత పెరూ వెళ్లాం. ఆ గోడ మీద అరచెయ్యి ఆనించి, "చూడవే, ఎంత బాగా పేర్చారో!" అని ఆయన మురిసిపోతున్నారు. అంత దూరం పోయి నేను గోడను చూడనే లేదు. ఆయన కాళ్లనే చూస్తూ నిలబడ్డాను.