సీటు అడగడానికి వెళ్లి కుర్చీ ఎక్కాను

నరసరావుపేటలో ఒక కాలేజీ ఉంది. ఇప్పటికీ దాని ముందు నుంచి వెళ్లాల్సి వస్తే నేను కొంగు ముఖం మీదికి లాక్కుని గబగబా నడుస్తాను. చూసినవాళ్లు ఎండకనుకుంటారు. ఎండా కాదు, దుమ్మూ కాదు. ఆ కాలేజీలో ఒక పూట నేను వెలగబెట్టిన నిర్వాకం అలాంటిది. చల్లగా ఫ్యాను కింద కూర్చుని, టీ తాగుతూ, ఒక పిల్లవాడి చదువునీ నా చదువునీ కలిపి కొద్దిలో ఏట్లో పారేసేదాన్ని. చెబుతాను, మీరు హాయిగా నవ్వుకోండి. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు. 

మాది దాచేపల్లి. పేరు రూతమ్మ. సిమెంటు ఫ్యాక్టరీ డిస్పాచ్ ఆఫీసులో పని, అంటే బస్తాల లోడుతో బయటికెళ్లే లారీల నంబర్లు కంప్యూటర్లో ఎక్కించడం. చిన్నప్పుడు డిగ్రీ రెండేళ్లు చదివాను. మూడో ఏడు మొదలయ్యే లోపల నాన్నకు పక్షవాతం వచ్చింది. ఆయన మంచం పట్టారు, నా పుస్తకాలు అటకెక్కాయి. తర్వాత పెళ్లి, ఇద్దరు ఆడపిల్లలు, ఉద్యోగం. అన్నీ వచ్చాయి గానీ అటక మీద పుస్తకాలు మాత్రం దిగలేదు.

అలాంటిది ఒకరోజు మా ఆఫీసులో అమ్మాయి ఫోన్లో ఒక ప్రకటన చూపించింది. గుంటూరు వైపు ఒక పెద్ద యూనివర్సిటీ. పేరు చెప్పను, పరువుగల సంస్థ. వేరే చోట చదువు మధ్యలో ఆపేసినవాళ్లనీ, కాలేజీ మారాలనుకునేవాళ్లనీ నేరుగా మూడో ఏడులోకి తీసుకుంటుందట, దాన్నే ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్ అంటారట. వయసుతో పని లేదు. ఉద్యోగస్తులు శని, ఆదివారాలు వెళితే చాలు. సీట్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. పైగా నా పాత మార్కులు లెక్కలోకి వచ్చేది అదే ఆఖరి ఏడాది. ఇది తప్పితే మళ్లీ మొదటి ఏడు నుంచి మొదలుపెట్టాలి. అంటే నా పెద్దకూతురూ నేనూ ఒకే క్లాసులో కూర్చునే ప్రమాదం ఉంది.

ఇంటికెళ్లి మా ఆయన యోహానుకు చెప్పాను. ఆయన లారీ మెకానిక్కు. సగం వినేసరికే రెంచి కింద పెట్టాడు.

"ట్రాన్స్‌ఫరా? ఏ ఊరికేసినారే? పిల్లల చదువుల సంగతేంది మరి?"

"ఉద్యోగానికి కాదయ్యా, చదువుకి."

"చదువుక్కూడా ట్రాన్స్‌ఫర్ ఉంటదా?" అని కాసేపు ఆశ్చర్యపోయి, "సరే, అప్లికేషన్ రాయి. నీకు రాకపోతే ఇంకెవరికొస్తది?" అన్నాడు.

ఆ ఒక్క మాటతో నా నిద్ర పోయింది. రాకపోతే ఈయనకేం ముఖం చూపించాలి? మార్కులు చూసి ఇంటర్వ్యూకి పిలిచారని మెసేజ్ వచ్చినరోజు నుంచి అన్నంలో ఉప్పు వేశానో లేదో తెలిసేది కాదు. ఇంట్లోవాళ్లు తిని చెప్పేవాళ్లు.

మా వైపు వాళ్లకి ఇంటర్వ్యూలు నరసరావుపేట కాలేజీలో పెట్టారు. గంజి పెట్టిన నీలం కాటన్ చీర కట్టాను. జుట్టు ముడి వేశాను. కొత్తగా వచ్చిన చత్వారం కళ్లజోడు మెడలో గొలుసుకు వేలాడుతోంది. చంకలో పెద్ద నల్ల ఫైలు. బస్సులో నిలబడి నిలబడి కాళ్లు పీకుతుండగా ఇంటర్వ్యూ హాల్లోకి అడుగు పెట్టాను.

హాలు నిండా పిల్లలు. అంతా ఇరవై, ఇరవై రెండేళ్లవాళ్లు. నన్ను చూడగానే అందరూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు.

"గుడ్ మార్నింగ్ మేడమ్!"

ఇక్కడ మీరే నా స్థానంలో ఉంటే ఏం చేసేవాళ్లు? "నేను మేడమ్ని కాదర్రా" అనేవాళ్లు. నేనూ అదే అనబోయాను. కానీ పెద్దవాళ్లు వస్తే లేచిన పిల్లలతో ఇంట్లో ఏమంటామో అదే నోట్లోంచి వచ్చింది.

"కూర్చోండమ్మా, కూర్చోండి."

అందరూ కూర్చున్నారు. నాకు తప్ప అందరికీ బెంచీలున్నాయి. ముందు వరసలో ఒక అమ్మాయి పరుగున వచ్చి, ఫ్యాను కింద టేబుల్ దగ్గరున్న కుర్చీని చున్నీతో తుడిచినంత పని చేసి, "ఇక్కడ మేడమ్" అంది. నా కాళ్లు నన్ను అడగకుండానే వెళ్లి కూర్చున్నాయి. వెంటనే ఆ అమ్మాయి తన ఫైలు తెచ్చి నా ముందు పెట్టింది.

"ఒకసారి చూడండి మేడమ్, అన్నీ ఉన్నాయో లేదో."

"అమ్మా, నేను..."

"భయంగా ఉంది మేడమ్. మా నాన్న ఈసారి సీటు రాకపోతే పెళ్లి చేస్తానంటున్నాడు." అమ్మాయి కళ్లల్లో నీళ్లు.

ఏడ్చే పిల్లని పక్కకి నెట్టి "నేను కూడా సీటు కోసమే వచ్చానమ్మా" అని ఎలా చెప్పను? ముందు ఊరడిద్దాం, తర్వాత చెబుదాం అనుకున్నాను. కళ్లజోడు పెట్టుకున్నాను. అసలు పొరపాటు అక్కడే జరిగింది. కళ్లజోడు పెట్టేసరికి నాలో డిస్పాచ్ గుమాస్తా నిద్ర లేచింది. కాగితం కనపడితే చాలు, వరసలో పెట్టకుండా ఉండలేని జన్మ నాది. "పదో తరగతిది పైన పెట్టుకో. ఇంటర్ది కింద. కుల ధ్రువపత్రం ఇట్టా మడత పెట్టకూడదమ్మా" అన్నాను. ఆ పిల్ల చీమిడి తుడుచుకుని నవ్వింది. తల తిప్పి చూద్దును కదా, నా టేబుల్ ముందు క్యూ!

ఇంతలో కాలేజీ అటెండర్ వచ్చాడు. ఇతనైనా బయటపెడతాడు, బతికాను అనుకున్నాను. అతను నన్ను చూసి, నమస్కారం పెట్టి, సాసరుతో సహా టీ తెచ్చి పెట్టిపోయాడు. టీ తాగాక ఇంక నిజం చెప్పడానికి నోరెలా వస్తుంది చెప్పండి?

ఆ క్యూలో ఇమ్రాన్ వచ్చాడు. మాచర్ల కుర్రాడు, వాళ్ల నాన్న పంక్చర్ షాపులో పని చేస్తూ చదువు మధ్యలో ఆపాడు. ఫైలు చక్కగా ఉంది గానీ టీసీ లేదు.

"మా ప్రిన్సిపాల్ సారు సెలవులో ఉన్నాడు మేడమ్. ఇంకా ఇయ్యలా. లేకపోతే కుదరదా?"

కుదురుతుందో కుదరదో నాకేం తెలుసు? తెలియదు అని రెండు ముక్కలంటే సరిపోయేది. కానీ ఫ్యాక్టరీలో కాగితం లేని లారీని గేటు దాటనివ్వని అలవాటు నాది.

"టీసీ లేకుండా ఎట్టా కుదురుద్దయ్యా? తెచ్చుకోవాల్సిందే" అన్నాను.

కుర్రాడి ముఖం చిన్నబోయింది. "సరే మేడమ్" అని ఫైలు తీసుకుని వెళ్లిపోయాడు. పక్కకు వెళ్లి కూర్చున్నాడేమోననుకున్నాను.

కాసేపటికి లోపల ఇంటర్వ్యూలు మొదలయ్యాయి. అటెండర్ తలుపు దగ్గర నిలబడి పేర్లు పిలుస్తున్నాడు. ఒక్కొక్కరే వెళ్లి వస్తున్నారు. ఇందాక ఏడ్చిన అమ్మాయి నా దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది.

"మీరు లోపలికెళ్లరా మేడమ్?"

"నన్నింకా పిలవలేదమ్మా."

"మిమ్మల్ని కూడా పిలుస్తారా?"

జవాబు చెప్పేలోపే అటెండర్ కేక వేశాడు. "షేక్ ఇమ్రాన్! ఇమ్రాన్ ఎవరయ్యా?"

ఎవరూ లేవలేదు. నా గుండె జారి చెప్పుల్లో పడింది.

"ఆ అబ్బాయి ఎల్లిపోయినాడండి" అన్నాడు వెనకనుంచి ఒకతను. "టీసీ లేదని మేడమ్ గారు పంపించేశారు."

"ఏ మేడమ్?"

హాల్లో ఉన్న చేతులన్నీ నావైపు తిరిగాయి. అటెండర్ దగ్గరకొచ్చి అనుమానంగా చూశాడు.

"మేడమ్, మీరు ఏ డిపార్ట్‌మెంటండీ?"

"డిస్పాచ్" అన్నాను.

నిజమే కదా మరి! అతనికి అర్థం కాలేదు. "మన యూనివర్సిటీలో డిస్పాచ్ అంటే..." అని నసుగుతుంటే ఇంక దాచలేక, "అన్నా, నా పేరు రూతమ్మ. మీ లిస్టులో ఉంటది చూడు. నేను కూడా ఇంటర్వ్యూకే వచ్చా" అన్నాను.  వెనకెవరో కిసుక్కుమన్నారు.

అటెండర్ నవ్వలేదు. "ఎంత పని చేశావమ్మా! మాచర్ల పిల్లోడు ఇంటికి పోయి టీసీ తెచ్చేసరికి ఇంటర్వ్యూలు అయిపోయి సార్లు గుంటూరు చేరతారు. నీ పేరు కూడా దగ్గర్లోనే ఉంది. ఇద్దరి పేర్లూ చివరికి నెడతా. అంతకుమించి నా చేతుల్లో లేదు."

ఆ తర్వాత నేను పరిగెత్తిన పరుగు నరసరావుపేట ఇప్పటికీ మరిచిపోయి ఉండదు. గంజి చీర కాళ్లకు అట్టముక్కలా అడ్డం పడుతోంది. దారిలో ఆటో ఎక్కి, "అన్నా, బస్టాండు, తొందర" అన్నాను. ఆటో అన్న నా వాలకం చూసి, "ఎవరికైనా సీరియస్సా అక్కా?" అన్నాడు. "చానా సీరియస్. పోనీ" అన్నాను.

బస్టాండులో మాచర్ల బస్సు ఇంజను ఆన్ చేసి ఉంది. కిటికీ దగ్గర ఇమ్రాన్, ఒళ్లో ఫైలు. ఎక్కీ ఎక్కగానే అరిచాను.

"ఒరేయ్ నాయనా, దిగు! నీ పేరు పిలుస్తున్నారు!"

"టీసీ లేదు కదా మేడమ్?"

"నేను మేడమ్ని కాదు. నీలాగే సీటు కోసం వచ్చినదాన్ని."

కుర్రాడు తెల్లబోయాడు. తర్వాత ముఖం ఎర్రబడింది. "మీరు మేడమ్ కాకపోతే నన్నెందుకు పొమ్మన్నారండీ?" ఫైలు గుండెకు అదుముకున్నాడు. "ఇంటికి పోయి మా నాన్నకేం చెప్పాలో తెలియక ఇందాకట్నుంచి కూర్చోనున్నా."

 ఆ మాటతో నాకు కన్నీళ్లొచ్చాయి. వెనక సీట్లో ముసలమ్మ జోక్యం చేసుకుంది.

"ఈ వయసులో ఈమెకి సీటేంది?"

"అదే నాకూ తెలియట్లేదు పెద్దమ్మా" అన్నాను. "నాకు రాకపోయినా పర్లేదు, ఈ బిడ్డని దించు."

"దిగు నాయనా" అంది ముసలమ్మ. "అంత రొప్పుకుంటా వచ్చింది, ఈడనే పడేట్టుంది."

దిగాడు. ఆటోలో దారి పొడుగునా నా ముఖం చూడలేదు.

హాల్లోకి వచ్చేసరికి బెంచీలన్నీ ఖాళీ. ఇమ్రాన్ లోపలికెళ్లాడు. నేను తలుపు బయట నిలబడి, చిన్నప్పటినుంచి నేర్చుకున్న ప్రార్థనలన్నీ కలగాపులగం చేసి వల్లించాను. ఎంతసేపటికో బయటికొచ్చాడు. నన్ను చూసి, మొదటిసారి చిన్నగా నవ్వాడు.

"బాగానే అడిగారండీ. మీరు పోండి."

లోపల ముగ్గురున్నారు. మధ్యలో నెరిసిన జుట్టు పెద్దావిడ.

"బయట వెరిఫికేషన్ చేసింది మీరేనా?"

"అవునండీ. కాదండీ. అంటే... తప్పయిందండీ."

ఆవిడ ముఖంలో ఏమీ కనపడలేదు. చదువెందుకు ఆపారన్నారు. నాన్న సంగతి చెప్పాను. ఇప్పుడెందుకన్నారు. బట్టీపట్టిన ఇంగ్లీషు జవాబు ఒక్కటీ గుర్తుకు రాలేదు. "రోజూ లారీలు ఏ ఊరికి పోతన్నాయో నేనే రాస్తా మేడమ్. సిమెంటు ధర ఎందుకు పెరుగుద్దో, ఎందుకు తగ్గుద్దో ఎవరూ చెప్పరు. అది చదవాలని ఉంది" అన్నాను. ఆవిడ ఏదో రాసుకుని చెయ్యి చాపారు.

"సరే. మీ టీసీ ఇవ్వండి."

ఫైలు తెరిచాను. పదో తరగతిది ఉంది. ఇంటర్ది ఉంది. మార్కుల జాబితాలున్నాయి. టీసీ లేదు. మళ్లీ వెతికాను. ఫైలు తిరగేసి దులిపాను. ముందురోజు దాచేపల్లిలో జిరాక్స్ తీయించి, అసలుది మెషిన్ లోపలే వదిలేసి, కాపీలు మాత్రం తెచ్చుకున్నాను!

పెద్దావిడ కళ్లజోడు మీదుగా చూశారు. "మీది కూడా లేదా?"

నేల చీలితే బాగుండుననిపించింది.

"ఏం పర్లేదు. చేరేటప్పుడు ఇవ్వొచ్చు. హాలు బయట గోడకు పెద్ద అక్షరాలతో అంటించాం. చదవలేదా?"

ఇమ్రాన్‌ను దేనికోసం వెళ్లగొట్టానో అది అసలు ఆ రోజు అక్కరే లేదు!

పెద్దావిడ నవ్వు ఆపుకోలేక కాగితాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. ఆ నవ్వు నాకు సీటు ఇచ్చిందో, నా మార్కులు ఇచ్చాయో తెలియదు. నెల తిరక్కుండా నాకూ, ఇమ్రాన్‌కూ ఇద్దరికీ సీటొచ్చిందని కబురొచ్చింది. మా ఆయన ఆ రాత్రి వీధి వీధంతా జిలేబీలు పంచాడు. ఎందుకని అడిగినవాళ్లకు, "మా ఆవిడకి ట్రాన్స్‌ఫర్ అయింది" అని చెప్పాడు.

ఇందుమూలంగా పల్నాడు ప్రజలందరి ఎదుట ప్రమాణం చేసి చెబుతున్నాను. ఇకమీదట ఫ్యాను ఎంత చల్లగా తిరుగుతున్నా, టీ ఎంత వేడిగా వచ్చినా, నాది కాని కుర్చీలో కూర్చోను. గత్యంతరం లేక కూర్చున్నా, గోడ మీద ఏం రాసి ఉందో చదివేదాకా నోరు తెరవను.