బిడ్డకు నీళ్లు ఆపమన్నది దేవుడు కాదు

సహోదరులారా, సహోదరీలారా, నా బిడ్డ కరుణ తొమ్మిది నెలల పసికందుగా ఉన్నప్పుడు, వాంతులూ విరేచనాలతో వడిలిపోయి, గొంతు ఎండిపోయి నాలుక చప్పరిస్తుంటే, కన్నతల్లిని నేనే దానికి నీళ్లు ఆపాను! నీళ్లే కాదు, పాలు కూడా ఆపాను. ఆపమని చెప్పింది వేరేవాళ్లే కావచ్చు, ఆపిన చెయ్యి మాత్రం నాది. ఆ చీకటిలోంచి నన్నూ నా బిడ్డనూ బయటికి లాగిన నా ప్రభువుకు ముందుగా నా వందనాలు, తర్వాత మీ అందరికీ వందనాలు.

కరుణ సాక్ష్యం మాకు తెలియనిదా రూతమ్మా అని మీరు అనుకుంటున్నారు. తెలుసు మరి! హుకుంపేట చుట్టుపక్కల ఏ కొండ మీద కూడిక జరిగినా దాన్ని చెప్పకుండా ఉన్నారా? మూడు రోజులు పచ్చి మంచినీళ్లు ముట్టకుండా పసిబిడ్డ ఉపవాసం ఉంది, మూడో రోజున ప్రభువు స్వస్థపరిచాడు, హల్లెలూయ! అందులో స్వస్థత నిజం, మిగతాది అబద్ధం. ఆ అబద్ధం పక్కనే పదిహేడేళ్లు నోరు మూసుకుని కూర్చున్నదాన్ని నేను. ఇవాళ నాకు కోపంగా ఉంది, అయ్యా, దయచేసి నేను ముగించేదాకా ఎవరూ పాట ఎత్తుకోవద్దు. వెనక బిడ్డ ఏడుస్తోందని ఆ తల్లిని బయటికి వెళ్లమని కసరొద్దు కూడా. ఏడవనివ్వండి.

ఆ రోజుల్లో టైడా మీదుగా రైలు కొత్తగా నడుస్తోంది. మా ఆయన పట్టాల కింద కంకర వేసే పనికి పోయి వారానికొకసారి ఇంటికి వచ్చేవాడు. ఇంట్లో నేను, నా బిడ్డ, వెనక పశువుల పాకలో మా అత్త సుక్రమ్మ. అత్త పశువుల పాకలో ఎందుకుంది అంటారా? మేం బాప్తిస్మం తీసుకున్నాం, ఆమె తీసుకోలేదు, అందుకు! ఆమె కట్టుకున్న ఇంట్లోంచి ఆమెనే బయటికి పంపాం.

మా ఊళ్లో ఏ పసిబిడ్డకు ఒంట్లో బాగోకపోయినా మా అత్త దగ్గరికే వచ్చేవారు. కడుపు ఉబ్బరానికి వాము, జలుబుకు తులసి, విరేచనాలకు జామచిగుళ్లు, ఇలా ఇంటి చుట్టూ మొక్కలు పెంచుకుని, ఆకు నూరడానికి నున్నటి నల్లరాయి ఒకటి పెట్టుకుంది. ఆకు కోసే ముందు కొండదేవతకు ఒక కోడిగుడ్డు పెట్టి దండం పెట్టేది. ఆ గుడ్డు దగ్గరే వచ్చింది తంటా. మన సంఘపెద్ద, పెద్దయ్య, ఇదిగో ముందు వరసలోనే కూర్చున్నారు, చాటున చెప్పుకునే మాట కాదు కనుక ముఖం మీదే చెబుతున్నాను, ఆయన అన్నారు: "గుడ్డు సాతానుదైతే ఆకూ సాతానుదే, ఆకు నూరిన రాయీ సాతానుదే." గుడ్డు మానేసి ఆకు కొయ్యమ్మా అని చెప్పొచ్చు కదా! ఆ ఆకును మొలిపించింది ఎవరు, సాతానా? కానీ నాకు అప్పుడు అంత తెలివి ఎక్కడిది! కొత్త విశ్వాసిని, మైదానం నుంచి వచ్చిన చదువుకున్న మనిషి చెబితే వేదమే అనుకున్నాను. పలుగు తీసుకుని వాము, తులసి, జామమొక్క అన్నీ వేళ్లతో సహా పెకలించాను, ఆ నల్లరాయిని తలకెత్తుకుని పోయి ఊరి పక్క వాగులో, మా గెడ్డలో పడేశాను. అత్త ఆపలేదు, తిట్టలేదు.

"రాయేటి సేసినాదే నీకు?" అంది, అంతే.

సంవత్సరం తిరక్కుండానే వానల్లో గెడ్డకు కొత్తనీరు వచ్చింది, కొత్తనీటితో పాటు ఊళ్లోకి విరేచనాలు వచ్చాయి. నా బిడ్డకు పట్టుకున్నాయి. మా ఊళ్లో ఒక పాత మాట ఉంది, కింద నుంచి పోతుంటే పైనుంచి పొయ్యకూడదు అని. నీళ్లు ఇచ్చినకొద్దీ ఇంకా పారతాయని, అందరూ ఆపేస్తారు, నేనూ తగ్గించాను. ఈలోపు పెద్దయ్య వచ్చారు, వానలో తడుస్తూ వచ్చారు, ఆ మాటా చెప్పాలి. మూడు రోజుల ఉపవాస ప్రార్థన అన్నారు. "వాక్యంలో ఒక పట్టణం మొత్తం ఉపవాసం ఉంటే పశువులు కూడా నీళ్లు ముట్టలేదు రూతమ్మా, ఇల్లంతా ఉపవాసం అంటే ఉయ్యాలలో ఉన్న ప్రాణమూ లెక్కే" అన్నారు. నా బుద్ధి ఎలా పని చేసిందో చూడండి! ఊరి మాట ఆపమంది, సంఘం మాట ఆపమంది, ఇద్దరి మాటా ఒకటయ్యాక ఇక అనుమానమెందుకు అనుకున్నాను. ఎప్పుడూ కలవని రెండు మాటలు నా బిడ్డ గొంతు మీద కలిశాయి.

రొమ్ములు పాలతో సలుపుతుంటే, తల్లులారా, ఆ పాలు పిండి పొయ్యి బూడిదలో పోశాను. బిడ్డ వాసన పట్టి నా వైపు తల తిప్పుతోంది, నేను అటు తిరిగి కూర్చుంటున్నాను. ముందు గదిలో ఐదారుగురు గట్టిగా ప్రార్థిస్తున్నారు. నేనూ ప్రార్థించాను: "తండ్రీ, నా బిడ్డ దప్పిక నీకు అర్పణగా ఇస్తున్నాను, అంగీకరించు తండ్రీ" అని. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది! ఏ తండ్రి అడుగుతాడు అలాంటి అర్పణ? ఆయన ఎంత దుఃఖపడి ఉంటాడో ఆ ప్రార్థన విని.

రెండో రోజు మధ్యాహ్నానికి బిడ్డ మాడు లోపలికి దిగిపోయింది, కళ్లు గుంటలు పడ్డాయి, పొట్ట మీద చర్మం పట్టుకుని వదిలితే అలాగే నిలబడిపోతోంది. హుకుంపేట ఆస్పత్రికి తీసుకుపోదామంటే మధ్యలో గెడ్డ పొంగి పొర్లుతోంది, దాటే దారి లేదు. అప్పుడు గుమ్మం దగ్గర మా అత్త నిలబడింది. ఆ గుమ్మం తొక్కి ఏడాది అయింది. చేతిలో చిన్న కుండ.

"ఒలే, ఏటి సేత్తన్నావే నువ్వు? పసిగుంట ఏడుత్తంటే కంట్లో నీటిబొట్టు రాడం నేదు, సూసినావా?" అంది.

చూడలేదు నేను! కళ్లు మూసుకుని ప్రార్థిస్తున్నాను కదా, ఎలా చూస్తాను? వంగి చూశాను. బిడ్డ నోరు తెరిచి ఏడుస్తోంది, శబ్దమూ సరిగా లేదు, కన్నీరు అసలే లేదు. పెద్దయ్య లేచి అడ్డం నిలబడ్డారు, ఆ చేతి వెంట ఆ గుడ్డు దయ్యం వస్తుంది, ఇంకొక్క రోజు ఓర్చుకో అన్నారు. మా అత్త ఆయన్ని చూడను కూడా చూడలేదు, నాతోనే అంది:

"మంత్రం నేదు, గుడ్డు నేదు. సామ గంజి. ఉప్పు నువ్వు సంతలో తెచ్చిందే, నీళ్లు మీ దేవుడు కురిపించినయే. ఇంక దయ్యం ఎక్కడుందే?"

సహోదరులారా, ఆ క్షణంలో నాకు వాక్యంలోని ఒక తల్లి గుర్తొచ్చింది. ఎడారిలోకి తోసేస్తే, తిత్తిలో నీళ్లు అయిపోతే, బిడ్డ చావు చూడలేక పొద కింద పడుకోబెట్టి దూరంగా కూర్చుని ఏడ్చిన ఆ దాసి తల్లి. దేవుడు ఆమె ఏడుపు విని ఏం చేశాడు? ఉపవాసం ఉండమన్నాడా? ఇంకొక్క రోజు ఓర్చుకోమన్నాడా? ఆమె కళ్లు తెరిచాడు, నీళ్ల బావి చూపించాడు! ఆమె పోయి నీళ్లు ముంచుకొచ్చి బిడ్డకు తాగించింది. పెద్దయ్యా, పనస చెట్టు కింద కూర్చోబెట్టి పలక మీద నాకు అక్షరాలు దిద్దించింది మీరే, ఆ మేలు నేను చచ్చినా మరవను. ఆ అక్షరాలతోనే ఆ తల్లి కథ కూడబలుక్కుని చదివాను. "ప్రభువా, నా కళ్లు తెరిచావు" అని గట్టిగా అన్నాను, బిడ్డను ఎత్తుకున్నాను, మిమ్మల్ని దాటుకుని పశువుల పాకలోకి నడిచాను. నా అసలు బాప్తిస్మం ఆ రోజే జరిగిందని నాకు అనిపిస్తుంది.

"జామాకు పీకీసినావు గదా, పోనీ, ఇప్పుడు దాంతో పని నేదు" అంది అత్త. సామలు మెత్తగా ఉడికించి, గుడ్డలో వడకట్టి, నీళ్లలా పల్చగా చేసింది. చిటికెడు ఉప్పు వేసి నన్ను రుచి చూడమంది. నా చెంప మీద తడి వేలితో తీసి నా నాలుకకు రాసి, "దీని కంటే ఉప్పగుండకూడదు" అంది. కన్నీటి కంటే ఉప్పగా ఉండకూడదు, అదీ ఆమె కొలత! పనసాకు మడిచి, చుక్క, ఇంకో చుక్క. కక్కితే కాసేపు ఆగి మళ్లీ చుక్క. మధ్యలో "పాలియ్యే, దాసుకుని ఏం సేత్తావు?" అని కసిరి రొమ్ముకు పట్టించింది. అవతల వాళ్లు గొంతెత్తి ప్రార్థిస్తూనే ఉన్నారు, ఇవతల ఆమె మాటా పలుకూ లేకుండా చుక్కలు వేస్తూనే ఉంది. మర్నాడు పొద్దున్న బిడ్డ నా ఒడి తడిపింది. మా అత్త ఆ తడి చీర పట్టుకుని "ఉచ్చోసినాదే, ఉచ్చోసినాది!" అని చిన్నపిల్లలా నవ్వింది. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. గెడ్డ తగ్గగానే ఆస్పత్రికి మోసుకుపోతే అక్కడి నర్సమ్మ అంతా విని, మందు ఇచ్చి, ఆ గంజి పడకపోతే ఇక్కడిదాకా వచ్చేది కాదు, ఆ ముసలమ్మకు దండం పెట్టుకో అంది.

దేవునికే మహిమ! ఇదీ జరిగింది. కానీ ఆదివారం నాడు పెద్దయ్య నా బిడ్డను రెండు చేతులా పైకెత్తి, మూడు రోజులు నీళ్లు లేకుండా, అని మొదలుపెట్టారు. నేను ఎదురుగానే ఉన్నాను. నోరు విప్పలేదు. సంఘంలోంచి వెలేస్తారని భయం ఒకటి. ఇంకొకటి కూడా ఉంది, సిగ్గు విడిచి చెబుతున్నాను, అందరూ వచ్చి నా బిడ్డ తల మీద చెయ్యి పెట్టి అద్భుతం బిడ్డ అంటుంటే నాకు బాగుంది! మా అత్తకు జరిగింది చెబితే, "పోన్లే, గుంట బతికింది గదా" అంది. ఇంకో ఏడేళ్లు బతికింది. నేను ఇంట్లోకి రమ్మన్నా రాలేదు. మందిరం చూరు కింద నిలబడి పాటలు వినేది, లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. చనిపోయాక మన సమాధుల తోటలో చోటు ఇవ్వలేదు మీరు, కంచె అవతల పెట్టించారు. పసిబిడ్డకు నీళ్లు ఆపినదానికి కంచె లోపల చోటు ఉందట, నీళ్లు పోసినదానికి లేదట! ఇదేం న్యాయం?

అయినా నేను మాట్లాడలేదు. మరి ఇవాళ ఎందుకు మాట్లాడుతున్నాను? పోయిన నెల హుకుంపేట సంతలో, మన కూడికలకు వచ్చే ఒక చిన్నది నా చెయ్యి పట్టుకుంది. చంకలో పసిబిడ్డ, తల వేలాడేసింది. ఆ పిల్ల ముఖం చూస్తే సంతోషంగా ఉంది, వినండి, సంతోషంగా! "అక్కా, నీ గుంటకి సేసినట్టే సేసినాను. నీళ్లు ఆపీసి రెండు రోజులైపోనాది. ఇంకొక్క రోజే" అంది.

వంగి ఆ బిడ్డ కళ్లు చూశాను. ఏడుస్తోంది, కన్నీరు లేదు.

ఏమన్నానో నాకు గుర్తులేదు, సంత మొత్తం తిరిగి చూసిందట. ఆ బిడ్డను లాక్కుని, భోజనాల కొట్టు ముందు కూలబడి, వాళ్లు వారుస్తున్న అన్నం గంజి అడిగి, పల్చగా చేసి, పక్కన ఉప్పు అమ్మేవాడి కుప్పలోంచి చిటికెడు తీసి, నా చెంప మీది తడి నాలుకకు రాసుకుని రుచి చూశాను. చుక్క, ఇంకో చుక్క. అలా పోస్తూనే ఆస్పత్రికి నడిచాం. ఆ బిడ్డ బతికింది. నేను ఆ రోజు సంతకు పోకపోతే? ఈ పదిహేడేళ్లలో నాకు సంతలో ఎదురుపడని తల్లులు ఎంతమందో, వాళ్ల బిడ్డలు ఏమయ్యారో, పెద్దయ్యా, మీకు తెలుసా? నాకూ తెలియదు. అదే నన్ను తినేస్తోంది.

ప్రభువు నా బిడ్డను ఆనాడే విడిపించాడు, నా నోటిని ఇవాళ విడిపించాడు. ఇక కూడికల్లో కరుణ సాక్ష్యం చెప్పాలంటే సుక్రమ్మ గంజితో సహా చెప్పండి, లేకపోతే చెప్పొద్దు. సమాధుల తోట కంచె నాలుగు బారలు జరపండి, మీరు జరపకపోతే ఈ వారమే నేనూ నా కూతురూ జరుపుతాం. తల్లులారా, మీరు ప్రభువును నమ్మండి, నిండా నమ్మండి. వాన కురిపించినవాడు, సామ పంట పండించినవాడు, మన రొమ్ముల్లో పాలు పెట్టినవాడు ఆయనే, ఆయన ఇచ్చినదాన్ని బిడ్డ నోటికి అందించడమే విశ్వాసం. చుక్కలు పోస్తూ ప్రార్థించండి, ప్రార్థిస్తూ ఆస్పత్రికి నడవండి.

వెనక ఏడుస్తున్న బిడ్డ సంతలో నాకు దొరికిన బిడ్డే. అమ్మా, భయపడకు, ముందుకు తీసుకురా, ఇలా వెలుతురులోకి. పెద్దయ్యా, మీరూ లేచి రండి, దగ్గరగా చూడండి. దాని చెంపలు తడిగా ఉన్నాయి.