నెయ్యి పెట్టని పత్యం

మొన్నామధ్య బళ్లారి ఆసుపత్రిలో మా వదినకి, అంటే మా ఆయన అక్కకి, కేన్సర్ మందు ఎక్కించబోతూ ఒక చిన్నవయసు డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది, ఈ మందుని కంటికి ఆనని నానో కొవ్వు ఉండల్లో దాచి పంపుతారట, అవి ఒంట్లో తిరుగుతూ మందుని కొంచెం కొంచెంగా వదులుతాయట, అందుకే గుండెకి దెబ్బ తక్కువట. యూరియా మెల్లగా కరగాలని దానికి వేపనూనె పట్టించి మడిలో చల్లే మా ఆయనకి వెంటనే అర్థమైపోయింది. నాకు మాత్రం కొవ్వు అన్న మాట దగ్గరే ఒళ్లు మండింది.

నా ఈడు వాళ్లకి పత్యం గురించి వేరే చెప్పక్కర్లేదు. జ్వరమొచ్చినా, కాన్పయినా మన ఇళ్లలో ముందు మాయమయ్యేవి నూనే, నెయ్యే. నేను తెక్కలకోటకి కాపురానికొచ్చిన కొత్తలో ఇంటి పెత్తనమంతా, భర్త పోయి పుట్టింటికి చేరిన మా వదినదే. రెండు బర్రెల పాడి ఉన్నా నెయ్యి మాత్రం ఆమె బీరువాలో, తాళం కింద ఉండేది. మా పెద్ద తోడికోడలికి, నేను అక్కా అని పిలిచే మనిషికి, రొమ్ములో గడ్డ తేలింది అప్పుడే. ఆనాడు ఎక్కించే ఎర్రటి కేన్సర్ మందుకి ఇట్లాంటి కొవ్వు ముసుగేదీ లేదు, ఒక్కసారిగా ఒంటి మీద పడేది. బస్సు దిగేలోపే వాంతులు, తర్వాత తలగడ నిండా జుట్టు, నోరంతా పుండ్లు. వేడన్నంలో నెయ్యేసి మెత్తగా పిసికిస్తే మింగుతానని అడిగేది పాపం. ఒంట్లో బలం లేకపోతే తర్వాతి సూది వెయ్యబోమని డాక్టర్లు ముందే చెప్పి ఉన్నారు.

వదిన బీరువా తియ్యలేదు.

"కొవ్వు తింటే గడ్డ బలుస్తాది. మనిషిని బతికించుకోవాలనే కదా నేను పెట్టకుండా ఉండేది," అంటూ గంజి గిన్నె ముందుకు తోసేది.

అక్క భర్త, మా బావగారు, వదిన మాటకి ఎదురు చెప్పే మనిషి కాదు. అక్క చిక్కి శల్యమైంది, బరువు చూసి సూది వాయిదా వేశారు, మళ్లీ వాయిదా వేశారు, ఆ తర్వాత వెయ్యాల్సిన అవసరమే లేకపోయింది. అక్క దినం నాడు వదిన అదే నెయ్యి తీసి, వచ్చినవాళ్లందరికీ ఓళిగల మీద, అదే బొబ్బట్ల మీద, ధారగా వడ్డించింది.

నెయ్యి తింటే గడ్డ పెరుగుతుందా అని ఆ రోజే డాక్టరమ్మని అడిగాను. అదంతా ఉత్త మాట అనీ, నోరు పూస్తే మెత్తటి అన్నంలో నెయ్యేసి పెట్టమనీ చెప్పింది. వదిన ఆ మాట బాగా గుర్తు పెట్టుకుంది. నిన్న ఆమెకి అన్నంలో నెయ్యి వడ్డిస్తూ, అక్క కూడా ఇట్లాగే అడిగేది కదా వదినా, అన్నాను.

"ఎప్పుడో పోయినోళ్ల మాట ఇప్పుడేందికి? అన్నం చల్లారతాండాది, ఇంగొంచెం ఎయ్."

వేశాను. ఆ రోజుల్లో ఈ కొత్త మందు ఉండుంటే అక్క బతికేదేమో, నాకు తెలియదు. నెయ్యి మాత్రం అప్పుడూ ఉంది, మా ఇంట్లోనే ఉంది. ఇప్పుడు ఆ బీరువా తాళంచెవి నా కొంగున ఉంటుంది. వదిన అడిగినప్పుడల్లా తీసి పెడుతున్నాను, పెట్టిన ప్రతిసారీ పెట్టకూడదనే అనిపిస్తుంది.