సూది తగలని దిండు

మొన్న మిల్లులో సామలు ఆడిస్తుంటే ఆ పొట్టు వాసన ముక్కుకు తగిలింది. అంతే, డెబ్బైల నాటి సీలేరు కాలనీ, మంచం మీద నేను, నా ఒళ్లో రాసుకునే దిండుబల్ల! దాన్ని చేసినావిడ సుక్రమ్మ. కొండ మీది ఊరి నుంచి మా ఇంటికి కట్టెలు తెచ్చేది. మనిషి పుల్లలా ఉండేది కానీ, అలాంటి పనితనం ఉన్న చేతులు నేనింతవరకూ మరెవరి దగ్గరా చూడలేదు.

ఏడో తరగతి పబ్లిక్ పరీక్షలకు మూడు నెలల ముందు కాలనీ మెట్ల మీద పడి కాలు విరగ్గొట్టుకున్నాను. తొడ నుంచి పాదం దాకా పిండికట్టు. "కూర్చుని రాయగలిగితే మంచంతో సహా బడికి తెచ్చేయండి, లేదంటే ఏడాది పోయినట్టే" అన్నారు హెడ్మాస్టరు. కట్టు మీద అట్ట నిలిచేది కాదు, పుస్తకం జారిపోయేది. నేను ఏడుపు లంకించుకున్నాను. అప్పుడే సుక్రమ్మ వాకిట్లో కట్టెల మోపు దింపుతోంది.

"ఏటి గుంటా, సదువు కోసం కూడా ఏడుత్తారేటి?" అని నవ్వింది.

మర్నాడు ఒక ముతక దుప్పటి, బూరుగుదూది, అడ్డతీగ నార పట్టుకొచ్చింది. అమ్మ సూదీ దారం ఇవ్వబోతే "సూదొద్దమ్మా, ముడి సాలు" అంది. పాపం, కుట్టు రాదేమో అనుకుంది అమ్మ. వాళ్ల ఊళ్లో ఇంటికప్పు నుంచి కంచె దాకా మేకు లేకుండా నారతోనే కడతారు. దుప్పటి మడిచి, దూది కూరి, మూలలు లాగి ముడులేసింది. నాన్న తెచ్చిన చెక్కను పైన పెట్టి, అంచులకు గాట్లు కొట్టి, వాటి మీదుగా నార బిగించింది. నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను.

తీరా రాయబోతే చెయ్యి బరువుకి చెక్క ఒరిగి, సిరా అంతా దుప్పటి పాలైంది. నాకు భయమేసింది. సుక్రమ్మ ఆ మరకను ఒక్క క్షణం చూసింది. "మెత్తనెక్కువైపోనాది" అని, మర్నాడు దూది తీసేసి సామల పొట్టు నింపింది. అది నా కాళ్ల ఒంపుల్లోకి సర్దుకుని కదలకుండా నిలిచింది. మాఘమాసపు చలిలో నేను ఒళ్లో వెచ్చగా దాన్ని పెట్టుకుని లెక్కలు చేసుకునేదాన్ని. ఆవిడ చేతులు కట్టుకుని వణుకుతూ వచ్చి, ముడులు తడిమి చూసి వెళ్లేది.

పరీక్షలు రాశాను. కట్టు విప్పారు. ఆ మర్నాడు సుక్రమ్మ వచ్చి, "ఇంక పనైపోనాది కదా" అంటూ ఒక్క కొస పట్టి లాగింది. ముడులన్నీ వరసగా జారిపోయాయి. పొట్టు పెరట్లో పోసి, దుప్పటి దులిపి, సిరా మరకతో సహా భుజాల మీద కప్పుకుంది.

అమ్మ ముఖం పాలిపోయింది. "నీకున్నది అదొక్కటేనా? ఇన్నాళ్లూ చలికి ఏం కప్పుకున్నావే?"

"పొయ్యుంది కదమ్మా. సూదేత్తే దీనికి కన్నాలు పడిపోవేటి?"

నేను పాసయ్యాను, ఉద్యోగం చేశాను, చెయ్యి పెద్దదన్న పేరూ తెచ్చుకున్నాను. కానీ ఎవరికైనా ఏదైనా ఇవ్వడానికి బీరువా తీసినప్పుడల్లా నా చెయ్యి ఆగుతుంది. ఇది నేను కప్పుకునేదా, నాకు మిగిలిందా? ఇప్పటికీ చాలాసార్లు మిగిలిందే.