రాక్షసుడి నోట మావయ్య మాట

మా మేనమామ భోజనానికి కూర్చుంటే చూడటం చిన్నప్పుడు మాకు సరదా. పర్చూరు దగ్గర పల్లెలో మిరప, పత్తి వేసే రైతు ఆయన. భారీ మనిషి. విస్తట్లో అన్నం గుట్టగా పెట్టించుకుని, మధ్యలో గుంట చేసి పప్పు పోయించుకుని, ఉల్లిపాయని పిడికిలితో చితక్కొట్టేవాడు. మొదటి ముద్ద ఎత్తేముందు “దా తల్లీ, దా” అని అన్నాన్ని పిలిచేవాడు. ఆ తర్వాత చెయ్యి కడుక్కునేదాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

నేను గుంటూరు బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్లో పాఠాలు చెబుతాను. రెండేళ్ల క్రితం ఒక హాస్య నవల రాశాను. పురాణాల్లోని దేవతలూ రాక్షసులూ ఈ కాలంలో మన జిల్లాల్లోనే బతుకుతుంటే ఎలా ఉంటుందన్నది కథ. అందులో వానదేవుడు మిరపకాయల కోల్డ్ స్టోరేజీకి మేనేజరు. ఒక అప్సరస స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులు చెప్పుకుంటుంది. అన్నిటికంటే జనానికి నచ్చింది బండెడు అన్నం తినే రాక్షసుడి అధ్యాయం. వాడు ఒకప్పుడు పొగాకు ఆరబెట్టిన పాడుబడ్డ బ్యారన్‌లో కాపురం పెట్టి, రోజుకొక ఇంటి చేత భోజనం ఆర్డరు పెట్టించుకుంటాడు. పార్సిల్ తెచ్చినవాణ్ణి కూడా తినేస్తాడు. చివరికి బైకు మీద వచ్చిన ఒక బలశాలి ఆ పార్సిలంతా వాడి ముందే తినేసి, ఆపైన వాణ్ణి చంపుతాడు. ఊరు ఊరంతా పండగ చేసుకుంటుంది.

రాక్షసుడు ఎలా తింటాడో రాయాల్సి వచ్చినప్పుడు నేను ఎక్కువ ఆలోచించలేదు. అన్నం మధ్యలో గుంట, పిడికిలి కింద ఉల్లిపాయ, చివరికి “దా తల్లీ, దా” కూడా పెట్టేశాను. రాస్తూ రాస్తూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను. మావయ్య పేపరు తప్ప పుస్తకం ముట్టడు కదా అనుకున్నాను.

పుస్తకం వచ్చిన కొన్ని నెలలకి మా బంధువుల అమ్మాయి ఓణీల ఫంక్షన్ చీరాలలో జరిగింది. మావయ్య మా బంతిలోనే, నాకు నాలుగు కుర్చీల అవతల కూర్చున్నాడు. అన్నం వడ్డిస్తుండగా ఎదురు వరసలోంచి మా పెద్దమ్మ కొడుకు మావయ్యకి వడ్డిస్తున్న కుర్రాడితో గట్టిగా అరిచాడు.

“ఒరేయ్, గరిటె అక్కడ పెట్టి దూరంగా జరగరా! నిన్ను కూడా తినేస్తాడు!”

వెంటనే గొంతు బొంగురు చేసి “దా తల్లీ, దా” అన్నాడు. రెండు వరసలూ ఘొల్లుమన్నాయి. నేనూ నవ్వాను. నా పుస్తకంలో మాట ఇంతమంది నోట నానుతోందన్న గర్వం అది. ఎవరో ఫోన్ ఎత్తి మావయ్య వైపు పెట్టారు. ఆయన కూడా నవ్వాడు. రెండు ముద్దలు తిని, విస్తరి మడిచి లేచి వెళ్లాడు.

ఆ వీడియో మా బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. నెల తర్వాత అత్తయ్య ఫోన్ చేసింది.

“నువ్వేం రాశావో నాకు తెలీదమ్మా. మీ మావయ్య మాత్రం ఎవరి ఇంటికీ భోజనానికి పోవట్లేదు. ఇంట్లో కూడా వంటగది తలుపేసుకుని తింటన్నాడు. నేను మారు వడ్డించబోతే వద్దని చెయ్యి అడ్డం పెడతన్నాడు. మనిషి సగమైపోయాడు.”

ఆ ఆదివారమే బయల్దేరి వెళ్లాను. మావయ్య కళ్లంలో ఉన్నాడు. ఆరబోసిన మిరపకాయల్ని కర్రతో తిరగేస్తున్నాడు. చొక్కా ఒంటి మీద వేలాడుతోంది. ఘాటుకి నాకు దగ్గొచ్చింది. తుండుగుడ్డ ఇచ్చి ముక్కుకి అడ్డం పెట్టుకోమన్నాడు.

“మావయ్యా, ఆ పుస్తకంలో రాసింది నిన్ను కాదు” అన్నాను.

“ఎందుకే అబద్ధాలు?” అన్నాడు, కోపం లేకుండా. “మూడుసార్లు చదివా. కోల్డ్ స్టోరేజీ దేవుడి దగ్గర పగలబడి నవ్వా. బాగా రాశావు.”

ఆయన కర్ర ఆపి నిలబడ్డాడు.

“దా తల్లీ అనేది నా మాట కాదే. మా అమ్మది. నాకు జబ్బు చేసి ముద్ద దిగనప్పుడు, నా బదులు తనే అన్నాన్ని బతిమాలేది. నీకూ పెట్టిందిగా మీ అమ్మమ్మ, అట్టా అనే. మర్చిపోయావా?”

మర్చిపోయాను. నిజంగానే మర్చిపోయాను.

“సరే, అదీ పోనీయ్. వాడు చచ్చిపోయాక ఊరంతా పండగ చేసుకున్నారని రాశావు చూడు. అక్కడ మాత్రం నవ్వలేకపోయా. వాడి కోసం ఒక్కళ్లన్నా ఏడిస్తే బాగుండేది.”

“తప్పయింది మావయ్యా” అన్నాను.

“నీ మీద కోపమేం లేదులే. విస్తరి ముందు కూర్చుంటే చుట్టూ చూస్తన్నారనిపిస్తంది. అంతే. ఎండెక్కింది, లోపలికి పోదాం పద.”

రెండో ముద్రణలో “దా తల్లీ” అన్న మాట తీసేశాను. రాక్షసుడి కోసం ఏడ్చే మనిషిని ఒకరిని పెడదామని కూర్చున్నాను. వాక్యం కుదిరిన చోటల్లా అది మావయ్యని ఊరుకోబెట్టడానికి రాసినట్టే ఉంది. కొట్టేశాను. ఆ ఒక్క మాట తీసేసినా లాభం లేకపోయింది. మా పెద్దమ్మ కొడుకు ఇప్పటికీ ఎక్కడ కనబడినా “రాక్షసుడు ఎలా ఉన్నాడు?” అని అడుగుతాడు. ఆపమని రెండుసార్లు పోట్లాడాను. “రాసింది నువ్వు, తిట్టేది నన్నా?” అంటాడు.

ఈ మధ్య మావయ్య మిరపకాయలు అమ్ముకోవడానికి గుంటూరు యార్డుకి వచ్చాడు. మధ్యాహ్నం మా ఇంటికి రమ్మని బలవంతం చేశాను. అన్నం, గోంగూర పప్పు, వంకాయ కూర అన్నీ బల్ల మీద సర్ది కంచం పెట్టాను. ఆయన కూర్చున్నాడు గానీ చెయ్యి కదల్లేదు. నేను ఎదురుగా నిలబడి ఉన్నానని అప్పుడు తట్టింది. కోచింగ్ సెంటర్ వాళ్లతో ఫోన్ మాట్లాడాలని చెప్పి, తలుపు దగ్గరగా వేసి బయట మెట్ల మీద కూర్చున్నాను. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, అవతల ఎవరూ లేకపోయినా అప్పుడప్పుడూ “ఆఁ, అలాగేనండి” అంటూ కాసేపు గడిపాను.

మావయ్య చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చాడు. “వంకాయ బాగుంది” అని ఆటో ఎక్కి యార్డుకి వెళ్లిపోయాడు. లోపలికెళ్లి మూతలు తీసి చూశాను. గిన్నెలో అన్నం ముప్పాతిక అలాగే ఉంది.