బ్యాటరీ నా కొంగులో

మోటారు ముందు నిలబడి నేనెన్నడూ తల గోక్కోలేదు. మదనపల్లెలో టమోటా మార్కెట్టుకు పోయే దారిలో మా నాయన పెట్టిన వైండింగ్ షాపు, పాలిటెక్నిక్‌లో డిప్లొమా ముగించగానే నా చేతికొచ్చింది. "ఆడమనిషి మోటారు చుడతాదా?" అని నవ్వుతూ వచ్చిన రైతులు, చుట్టిన మోటారు బండికెత్తుకుని కిక్కురుమనకుండా పోయేవాళ్లు. కాలిన వాసన, తిరిగేటప్పటి మూలుగు, ఈ రెండూ చాలు నాకు దాని జబ్బు చెప్పడానికి. గొప్పలనుకుంటే అనుకోండి, ఉన్నవే చెప్పుకుంటున్నాను.

నా మొగుడు మా మేనత్త కొడుకే. నిమ్మనపల్లెలో టమోటా పండించే ఇల్లు వాళ్లది. చిన్నప్పటి నుంచి బావా అని పిలిచిన నోటికి పెళ్లయ్యాక వేరే పిలుపు రాలేదు. బావ పుంగనూరు హైస్కూల్లో లెక్కల అయ్యవారు. రోజూ బస్సులో పోయి వచ్చేవాడు. ఆయనకున్న పిచ్చి ఒకటే, విమానాలు. తొంభైల్లో అట్టముక్కలు, వెదురుపుల్లలు, రబ్బరుబ్యాండ్లతో సరిపెట్టుకున్నాడు. రెండువేలు దాటాక బెంగళూరు నుంచి రిమోటు, చిన్న మోటారు, బ్యాటరీ తెచ్చుకోవడం మొదలైంది. థర్మోకోల్‌తో రెక్క చెక్కడంలో ఆయనకు ఆయనే సాటి. కళ్లు మూసుకుని రెక్క తడిమి, ఎక్కడ ఎత్తుగా ఉందో చెప్పేవాడు. కరెంటు పని మాత్రం నాది.

ఒక సాయంత్రం షాపులో నా బల్ల మీద అగ్గిపెట్టెంత వస్తువొకటి పెట్టాడు. ఒక పక్క రెండు లావు వైర్లు, ఇంకో పక్క మూడు, నడుమ సన్నటి వైరు ఒకటి.

"స్పీడ్ కంట్రోలర్ అంటనే. నాకు తలా తోకా తెలీలే."

"దీనికింత బెదురు యాల బావా? ఇది మన బోరు స్టార్టరు. అది పెద్దమనిషి, ఇది చంటిబిడ్డ. అంతే."

రెండు లావు వైర్లు బ్యాటరీకి, మూడు మోటారుకు, సన్నది రిమోటు మాట వినే రిసీవరుకు. తగిలించి తిప్పితే మోటారు ఎదురు తిరిగింది. బావ మొహం వాడిపోయింది. నేను మూడు వైర్లలో రెండింటిని అటుదిటు మార్చాను, సరిగ్గా తిరిగింది. బోరు మోటారు ఎదురు తిరిగితే మా వైపు ప్రతి రైతూ చేసేది అదే.

ఆ చిన్న స్టార్టరుకు మొదట ఒక పాఠం చెప్పాలి. రిమోటు మీద ఎడమ పక్క మీట పైకెత్తితే మోటారు జోరుగా తిరుగుతుంది, దించితే ఆగుతుంది. పైకంటే ఎంత, కిందంటే ఎంత అనేది దానికి మనం చూపించాలి. ముందు విమానం ముక్కుకున్న ఫ్యాను ఊడదీయాలి, చేతివేళ్ల మీద ఆశ ఉంటే. మీట పూర్తిగా పైకి పెట్టి, అప్పుడు బ్యాటరీ తగిలిస్తే అది కీచుమని కూస్తుంది. వెంటనే మీట దించితే నేర్చుకున్నానని ఇంకోసారి కూస్తుంది. దించకుండా అట్లే ఉంచితే మాత్రం కూతలు మారుతూ పోతాయి. ఒక్కో రకం కూత ఒక్కో సెట్టింగుది. ఏ కూత దగ్గర మీట దించితే ఆ సెట్టింగు మారిపోతుంది. అందులో ఒకటి బ్యాటరీ కాపలా. బ్యాటరీలో ఛార్జి బాగా దిగిపోయి అది పాడవకుండా ముందే మోటారు ఆపేస్తుంది. తొందరగా ఆపాలా, ఆలస్యంగా ఆపాలా అన్నది మన ఇష్టం.

ఈ పాఠమంతా ఒక్కసారే. ఆ తర్వాత ఎప్పుడు ఎగరేసినా మీట కిందే ఉండాలి, అప్పుడే బ్యాటరీ తగిలించాలి. బావకు ఇదంతా చెప్పాను. తల ఊపాడు.

మొదటి విమానాన్ని పుంగనూరు బయట, బస్సు రోడ్డు పక్కనున్న బీడు నేలలో ఎగరేశాడు. నేను షాపు వదిలి పోలేదు. లేవడం బ్రహ్మాండంగా లేచిందంట. నాలుగు చుట్లు తిరిగి, మలుపులో ఉండగా ఉన్నట్టుండి మోటారు ఆగి, ముక్కు దిగి రాళ్లలో పడింది. నేను స్టార్టరు సెట్టింగులన్నీ చెరిపి, మళ్లీ మొదటి నుంచి పాఠం చెప్పి, బల్ల మీద తిప్పి చూశాను. ఎంతసేపైనా ఆగకుండా తిరిగింది. గాలి తప్పయ్యుంటుందిలే అనుకున్నాం.

రెండోది కూడా అదే బీట్లో, అట్లే పడింది. ఈసారి బళ్లో పిల్లలు చూస్తుండగా. ఇక పుంగనూరు ఊరుకుంటుందా? టీ అంగడి ముందు బస్సు దిగితే చాలు, "అయ్యవారూ, తిరపతికి టిక్కెట్టు ఉండాదా మీ ఇమానంలో?" అని పలకరింపు. బావ వాళ్లతో పాటు నవ్వేవాడు. కానీ ఆ తర్వాత బస్సులో ఆ బీడు కనబడే పక్క కిటికీ దగ్గర కూర్చోవడం మానేశాడు.

నాకు మండింది. నా చేతి నుంచి పోయిన మోటారు మధ్యలో ఆగడమేమిటి?

"స్టార్టరు గుండ్రాయి మాదిరి ఉండాది బావా. ఆడలేక మద్దెల ఓడనొద్దు," అన్నాను ఒకరోజు.

"నేను దాన్నేమీ అనలేదే. నాకే ఎగరేసేది రాదు," అన్నాడు మెల్లగా.

కంచం విసిరికొట్టి ఉంటే బాగుండేది. నాకు పోట్లాడటం వచ్చు, ఆ మెత్తదనంతో ఏం చేయాలో రాదు.

అంతలో బావకు కుప్పానికి బదిలీ అయింది. అక్కడ గది తీసుకుని, శనివారం మదనపల్లెకు వచ్చేవాడు. కుప్పం హెడ్మాస్టరుకు విమానాల సంగతి ఎట్లా తెలిసిందో గానీ, బడి మొత్తం ముందు ఒకసారి ఎగరేసి చూపించమన్నాడు. బావ కాదనలేకపోయాడు. మూడోది కట్టాడు. అన్నిటికన్నా అందంగా వచ్చింది. దాన్ని నా బల్ల మీద పెట్టి అన్నాడు:

"ఇది కూడా పడితే ఇంక కట్టనే. ఉండే సామానంతా బడికి ఇచ్చేస్తా."

నాకు నిజంగా భయం వేసింది. విమానాలు పోతే పోనీ. అన్నం తింటూ తింటూ కంచం అంచున వేలితో రెక్క వంపు గీసి చూపించే మనిషి పోతే నాకు మిగిలేదెవరు? జీతం తెచ్చే లెక్కల అయ్యవారు. ఆ అయ్యవారిని నేను చేసుకోలేదు.

మరుసటి రోజు ఆదివారం, ఇద్దరం నిమ్మనపల్లెకు పోయాం. అత్త టమోటా నారు నాటిస్తోంది. కరెంటు లేదు. ఆ కాలంలో బోర్లకు కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో ఆ దేవుడికే తెలియాలి. బావ చెప్పులు విడిచి, అత్తతో మాట్లాడుతూనే బోరు గదిలోకి చెయ్యి పెట్టి, చూడనైనా చూడకుండా స్టార్టరు స్విచ్చిని ఆటో వైపుకు తోసి వచ్చి గట్టు మీద కూర్చున్నాడు.

"పెట్టినావా నాయనా?" అంది అత్త.

"పెట్టినాను మా."

"ఇంక కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు అదే తిరుగుతాదిలే."

మా వైపు బోరున్న ఇళ్లన్నిటిలో పద్ధతి అదే. ముందు ఆన్‌లో పెట్టేయాలి, కరెంటు దాని ఇష్టమొచ్చినప్పుడు వస్తుంది. నేను పట్టుకున్న నారు కట్ట కింద పెట్టాను.

"బావా, విమానానికి బ్యాటరీ తగిలించేటప్పుడు మీట యాడ పెడతాండావు?"

"పైకి తోసి పెడతా. మల్ల బ్యాటరీ తగిలిస్తా."

"యాల?"

"యాల ఏందే? ముందు ఆన్‌లో పెడితేనే కదా కరెంటొస్తే తిరిగేది!"

"వాడు చెప్పేది నిజమే కదమ్మా," అంది అత్త, కొడుకును వెనకేసుకొస్తూ.

ఓరి నాయనో! గట్టు మీద కూలబడి కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వాను. నేను చెప్పిన పాఠం ఆయన చెవి విన్నది, చెయ్యి వినలేదు. తల్లీకొడుకులు నాకేదో గాలి సోకిందన్నట్టు చూశారు.

మదనపల్లెకు వచ్చీ రాగానే షాపు తెరిచి, ఫ్యాను ఊడదీసి, రిమోటు ఆయన చేతికిచ్చాను. "బీట్లో ఎట్ల చేస్తావో అట్లే చెయ్యి," అన్నాను. మీట పైకి తోశాడు, బ్యాటరీ తగిలించాడు. స్టార్టరు కూసింది. మోటారు తిరగలేదు. కూతలు మారుతూ పోయాయి. ఏమిటీ గోల అన్నట్టు మొహం పెట్టి, ఒకచోట విసుగ్గా మీట దించేశాడు. మళ్లీ ఎత్తితే మోటారు తిరిగింది.

"చూడు, బాగనే తిరగతాండాది కదా," అన్నాడు.

"తిరగతాండాది. నువ్వు దించినావే, ఆ కూత బ్యాటరీ కాపలాది. బ్యాటరీ కొంచెం దిగంగానే మోటారు ఆపెయ్యమని నువ్వే చెప్పినావు. అది నీ మాట విని ఆపింది, పాపం."

బల్ల మీద నాకెందుకు దొరకలేదంటే, పడిన ప్రతిసారీ నేను మొదట చేసిన పని సెట్టింగులన్నీ చెరపడం. పైగా ఫ్యాను లేకుండా తిప్పితే మోటారుకు బరువుండదు, బ్యాటరీ దిగదు. బావ ఆ అగ్గిపెట్టెంత దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"అయితే నాకు ఎగరేసేది వచ్చునా?" అన్నాడు.

నలభైకి దగ్గరవుతున్న మనిషి, బళ్లో పరీక్ష పేపరు కోసం చెయ్యి చాచినట్టు అడిగాడు.

"వచ్చు బావా. ఎప్పుడో వచ్చు."

కారణం తెలిసింది కదా, చెయ్యి మారుతుందనుకున్నాను. ఎక్కడ? మళ్లీ చేయమంటే మళ్లీ మీట పైకే పోయింది. తిట్టాను. చేశాడు, మళ్లీ పైకే. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు కదా. ఆయన తప్పేముంది, పుట్టినప్పటి నుంచి చూసిందే చెయ్యి చేస్తోంది. దాన్ని ఇప్పటికిప్పుడు వంచే తీరిక నాకు లేదు.

మా పనిలో ఒక పద్ధతుంది. బోరులోంచి పైపులు పైకి లాగేటప్పుడు పీకిన ఫ్యూజులను పెట్టె దగ్గర వదలం. పని చేసేవాళ్లు వాటిని తమ దగ్గరే పెట్టుకుంటారు, తెలియక ఎవరూ కరెంటు ఇవ్వకుండా. మా నాయన తువ్వాలులో మూట గట్టి నడుముకు చుట్టుకునేవాడు. పని ముగిసి తానే పైకి లేచి, తానే పోయి పెట్టేవాడు. నేను స్టార్టరు సెట్టింగులు మళ్లీ సరిచేసి, బ్యాటరీని గుడ్డలో చుట్టి కొంగున ముడేసుకున్నాను.

"మీట నీది. బ్యాటరీ నాది. నేను చూసి తగిలించాల్సిందే," అన్నాను.

"కుప్పానికి వస్తావా? షాపో?"

"మూసేస్తా. ఒకదినం మోటార్లు కాలకుండా ఉంటాయిలే."

కుప్పం బడి మైదానం నిండా పిల్లలు. తెలుగును అరవ రాగంలో మాట్లాడుకుంటూ, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి నిలబడ్డారు. హెడ్మాస్టరు నన్ను చూసి, "మీరు సైన్సు టీచరామ్మా?" అన్నాడు.

"కాదు సార్, మోటారు మెకానిక్కును."

బావ మైదానం మధ్యకు నడిచాడు. రిమోటు ఆన్ చేశాడు. నేను కొంగు ముడి విప్పాను.

"మీట యాడ?"

"కింద."

"నోటితో కాదు, చూపించు."

చూశాను. అప్పుడే పైకి పోతోంది మీట మహాతల్లి. కళ్లురిమి చూశాను. ఆయన నాలుక కరుచుకుని దించాడు. బ్యాటరీ తగిలించాను. నాకు కావలసిన కూతే కూసింది. విమానాన్ని తలపైకెత్తి పట్టుకున్నాను. బావ మీట ఎత్తాడు, ఫ్యాను గాలికి నా చెంపలు చల్లబడ్డాయి. నాలుగడుగులు పరిగెత్తి విసిరాను.

పిల్లలంతా పైకి చూశారు. నేను చూడలేదు, విన్నాను. మోటారు శబ్దం ఎక్కడా నలగలేదు. నాలుగు చుట్లు అయ్యాయి. పుంగనూరులో ఆగిపోయిన చుట్టు వచ్చింది. బావ భుజాలు చెవుల దాకా లేచాయి. మోటారు ఆగలేదు. ఆ చుట్టు దాటింది, తర్వాతది దాటింది. ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశాను. బావ దాన్ని బడి మీదుగా తిప్పి, ఒక పక్కకు వాల్చి, మైదానం మధ్యలో కొంగ దిగినట్టు దింపాడు. పిల్లల అరుపులకు నా చెవులు గింగురుమన్నాయి. నేను పోయి బ్యాటరీ తీసి కొంగున ముడేసుకున్నాను.  

సాయంత్రం మదనపల్లె బస్సెక్కాం. బావ విమానం రెక్కలు ఊడదీసి సీటు కింద పెట్టాడు. పుంగనూరు దాటేటప్పుడు బావ తన సీటులోంచి లేచి, నా మోకాళ్లు దాటుకుంటూ వచ్చి, బీడు కనబడే పక్క కిటికీ దగ్గర కూర్చున్నాడు. తల బయటికి పెట్టి, ఆ రాళ్లన్నీ వెనక్కి పోయేదాకా చూశాడు.

"ఏమే, వచ్చే ఆదివారం ఈడ దిగుదామా?"

"అడిగేదేముంది? బ్యాటరీ నా దగ్గరే కదా ఉండాది," అన్నాను.